రెండు సీట్ల ముచ్చట

మధ్యతరగతి గృహస్థుకు కోరికలు రెండు రకాలు. పదిమందిలో చెప్పుకోదగినవి కొన్ని, చెప్పుకోగూడనివి కొన్ని. ఇల్లు కట్టాలనుకోవడం, పిల్లను డాక్టరు చదివించాలనుకోవడం, కాశీ వెళ్లి రావాలనుకోవడం మొదటి రకం. యాభై రెండేళ్ల వయసులో, బట్టతలతో, టాపు తీసేసే రెండు సీట్ల స్పోర్ట్సు కారు కొనాలనుకోవడం రెండో రకం. ఈ కోరిక పైకి అంటే స్నేహితులు నవ్వుతారు. బంధువులు మా ఆవిడకేసి జాలిగా చూస్తారు.

అయినా చెబుతున్నాను. ఎందుకంటే ఇది నా ఒక్కడి కోరిక కాదు. ఎదర వెళ్లే చిన్న కారును చూసి, సిగ్నలు దగ్గర ఆకుపచ్చ దీపం వెలిగిన సంగతి కూడా మరిచిపోయే పెద్దమనుషుల్ని నేను చాలామందిని ఎరుగుదును. కొత్తది కొనే తాహతు వాళ్లలో నూటికి తొంభై మందికి లేదు. ఉన్నదల్లా పాతది కొనుక్కునేపాటి డబ్బు. ఆ కొద్దిపాటి డబ్బుతో మోసపోకుండా, ఇంట్లో తగాదా రాకుండా, రోడ్డు మధ్యలో ఆగిపోకుండా కారు కొనడం ఎలాగన్నదే ఈ వ్యాసంలో సంగతి.

మేముండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రం, కొలంబస్ నగరంలో. వారమంతా ఒక ఆఫీసులో జమాఖర్చులు చూస్తాను. శనివారాలు ఒక కాలేజీలో కుర్రాళ్లకు లెక్కలు చెబుతాను. నాలుగేళ్ల శనివారాల సంపాదన విడిగా దాస్తే 8,000 డాలర్లయింది. ఆ వచ్చే ఆగస్టులో మా అమ్మాయి కాలేజీలో చేరవలసి ఉంది. అందుచేత మా ఆవిడ మూడు షరతులు పెట్టింది. ఒకటి, అప్పు చేయగూడదు. రెండు, మరమ్మతులతో సహా 8,000 దాటి ఒక్క డాలరు పోయినా ఒప్పుకోదు. మూడు, కొన్న కారు ఇంటిముందు కదలకుండా కూర్చుంటే దాన్ని అమ్మేసి ఆ డబ్బు అమ్మాయి ఫీజు కింద జమకట్టాలి.

నాకు తోడు మా మామగారు. డెబ్భై నాలుగేళ్ల మనిషి. ఒంగోలు దగ్గర పల్లె. కూతుర్ని, మనవరాల్ని చూడడానికి వచ్చి మా ఇంట్లో ఉన్నారు. ఆయనకు కార్ల సంగతి తెలియదు. ఎద్దుల సంగతి మాత్రం ఆయనను అడిగి తెలుసుకోవలసిందే. నలభై ఏళ్లు సంతల్లో తిరిగిన మనిషి. "కారైతేనేం, ఎద్దయితేనేం అల్లుడుగారూ! కొనేవాడు చూడవలసింది, అమ్మేవాడు చూపించనిదే" అన్నారు. నేను చదివిన పుస్తకాలన్నిటి సారమూ ఆ ఒక్క మాటలో ఉంది.

ఏది స్పోర్ట్సు కారు?

స్పోర్ట్సు కారంటే గంటకు 150 మైళ్లు పోయే భూతమని చాలామంది అభిప్రాయం. అది పొరపాటు. బ్రిటిషువాళ్లు చేసిన పాత స్పోర్ట్సు కార్లు వేగంలో గొప్పవి కావు. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్, అదే ఏడు మొదలై 1980 దాకా తయారైన ఎం.జి.బి., ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ చిన్న ఇంజనుతో నడిచేవే. వాటి గొప్పంతా తేలికలో ఉంది. బరువు తక్కువ గనక స్టీరింగు తిప్పితే బండి మన ఒంటితోపాటు తిరుగుతుంది. నలభై మైళ్ల వేగంలోనే నాలుగింతల సరదా. అయితే వాటికి ఆయిలు కారడం, వానాకాలం మొరాయించడం పుట్టుకతో వచ్చిన గుణాలు.

1979లో బాబ్ హాల్ అనే అమెరికను పత్రికా విలేఖరి జపానులో మాజ్దా కంపెనీ ఇంజనీరు కెనిచి యమమొతోతో మాట్లాడుతూ, అలాంటి తేలికైన టాపులేని బండిని మీరే ఎందుకు చేయకూడదని అడిగాడట. తరువాత ఆ విలేఖరి మాజ్దాలోనే ఉద్యోగానికి చేరాడు. యమమొతో కంపెనీ అధ్యక్షుడయ్యాడు. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనలో ఆ కారు జనం ముందుకు వచ్చింది. పేరు ఎం.ఎక్స్-5. అమెరికాలో అందరూ మియాటా అంటారు. రెండు సీట్లు, 1.6 లీటర్ల ఇంజను, 116 గుర్రాల బలం, వెయ్యి కిలోలకు లోపు బరువు. అప్పటి ధర 13,800 డాలర్లు. గుర్రమూ రౌతూ ఒకటే అన్నట్టుండాలని అర్థం వచ్చే జపాను మాట ఒకటి పట్టుకుని ఆ బండిని తీర్చారు.

పాత బ్రిటిషు కారు సొగసు, జపాను కారు నమ్మకం రెండూ ఒకచోట దొరికేసరికి జనం ఎగబడ్డారు. ప్రపంచంలో అన్నిటికంటె ఎక్కువగా అమ్ముడుపోయిన రెండు సీట్ల స్పోర్ట్సు కారని 2000లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. 2016లో పది లక్షలవ కారు తయారైంది.

ఈ లెక్క నేను ఊరికే చెప్పడం లేదు. పేదవాడి స్పోర్ట్సు కారుకు మొదటి లక్షణం ఇదే: చాలా తయారై ఉండాలి. లక్షల్లో తయారైన బండికి విడిభాగాలు ప్రతిచోటా దొరుకుతాయి, చవకగా దొరుకుతాయి. దాన్ని విప్పి బిగించిన మేస్త్రీలు ఊరికి నలుగురుంటారు.

మరోపక్క, ఒకప్పుడు 70,000 డాలర్లకు అమ్మిన జర్మను కారు ఇరవై ఏళ్లకు 7,000 డాలర్లకు కనిపిస్తుంది. చూడగానే ప్రాణం లేచొస్తుంది. చేయి చాచకండి! కారు ధర పడిపోయింది గాని, దాని విడిభాగాల ధర పడిపోలేదు. బ్రేకు మార్చాలన్నా, గేరు పెట్టె విప్పాలన్నా అది ఇంకా 70,000 డాలర్ల కారే. ఏనుగును కొనడం కష్టం కాదు, మేపడం కష్టం.

నిమ్మకాయల బేరం

మన దేశంలో కొత్త కారు కొంటే చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తాం. అమెరికాలో నిమ్మకాయ అంటే కారే! పైకి నిగనిగలాడుతూ, లోపల చెడిపోయి, కొన్నవాడి పళ్లు పులిసేటట్టు చేసే దగాకోరు కారును వాళ్లు వాడుకలో నిమ్మకాయ అంటారు.

ఈ నిమ్మకాయల మీద జార్జి ఏకర్‌లాఫ్ అనే అర్థశాస్త్రవేత్త 1970లో ఒక వ్యాసం రాశాడు. మూడు పత్రికలు తిప్పికొట్టిన తరువాత నాలుగోది అచ్చువేసిన ఆ వ్యాసం పుణ్యమా అని 2001లో ఆయనకు మరిద్దరితో కలిపి నోబెలు బహుమానం వచ్చింది. ఆయన చెప్పింది వింటే మా మామగారు "ఇది మాకు తెలిసిందే" అన్నారు. పాత కారు మంచిచెడ్డలు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు గనక కొనేవాడు భయపడి మధ్యరకం ధరే ఇస్తానంటాడు. నిజంగా మంచి కారున్నవాడు ఆ ధరకు అమ్మడానికి ఇష్టపడక ఇంటికి పోతాడు. చెడ్డ కారువాడు సంతోషంగా నిలబడతాడు. చివరకు సంతలో మిగిలేవి నిమ్మకాయలే.

దీనికి విరుగుడు ఒక్కటే. అమ్మేవాడికి తెలిసింది మనమూ తెలుసుకోవాలి. అది డబ్బుతో వచ్చేది కాదు, ఓపికతో వచ్చేది. నేను వేసుకున్న పథకం చిత్తగించండి. 8,000లో కారుకు 6,000 మించి పెట్టగూడదు. మిగతా 2,000 కొన్న మొదటి నెలలో చేయించవలసిన పనులకు. పాత కారు ధర అంటే అమ్మినవాడు చెప్పిన అంకె కాదు. అది నిశ్చింతగా రోడ్డుమీద నడిచేనాటికి మన జేబులోంచి పోయిన మొత్తం.

మొదటి కారు

ఇంటికి పది మైళ్లలో ఒక కార్ల వ్యాపారి దగ్గర ఎర్రటి 1999 మోడలు ఉన్నదని తెలిసింది. ధర 5,900. అద్దానికి ప్రభుత్వం నిర్ణయించిన చీటీ అంటించి ఉంది. పాత కార్ల వ్యాపారులందరూ ఇలాంటి చీటీ అంటించాలని 1985 నుంచి అమెరికాలో నిబంధన. అందులో 'ఉన్నది ఉన్నట్టుగా' అన్న గడిలో గుర్తు పెట్టి ఉంది. అంటే, గేటు దాటాక ఏ పార్టు ఊడినా వ్యాపారికి పూచీ లేదన్నమాట. ఆ చీటీ చదవకుండా సంతకం పెట్టేవాళ్లు చాలామంది.

ఒహాయోలో చలికాలం మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు కారు అడుగున చేరి ఇనుమును తినేస్తుంది. ఇంజను చెడితే మార్చవచ్చు, గేరు పెట్టె మార్చవచ్చు. ఒళ్లు తుప్పుపట్టిన కారును మాత్రం బ్రహ్మదేవుడు కూడా బాగుచేయలేడు. చేసినా మన 8,000తో కాదు. ఈ కారుకు తుప్పు పట్టే చోట్లు మూడు. తలుపుల కిందుండే పొడుగాటి పెట్టెలాంటి భాగం, అందులోనూ వెనక చక్రం దగ్గరి కొస. వెనక చక్రాల పైనుండే వంపు. రెండో తరం కార్లలో అయితే ముందు భాగాన ఇంజనుకు అటూ ఇటూ పోయే చట్రపు కమ్మీలు.

మామగారు జేబులోంచి మా ఫ్రిజ్జు మీద ఉండే తిరుపతి వెంకన్న బొమ్మ తీశారు. వెనకాల అయస్కాంతం ఉన్న బొమ్మ. దానికి జేబురుమాలు చుట్టి తలుపు మీద పెట్టారు. అంటుకుంది. తలుపు కింద పెట్టారు. జారి పడింది. ఇంకో జానెడు వెనక్కు పెట్టారు. మళ్లీ జారింది. అక్కడ ఇనుము లేదు. చిల్లు పూడ్చిన మైనంలాంటి ముద్ద, దానిమీద కొత్త రంగు! (మొదటి తరం కార్ల బానెటు అల్యూమినియంతో చేసింది. అక్కడ అయస్కాంతం అంటకపోతే కంగారుపడకండి.)

తరువాత సీటు వెనక తివాచీ కింద చేయి పెట్టి వాసన చూశారు. "తడి" అన్నారు. వ్యాపారి మనిషి "నిన్ననే కడిగించాం" అన్నాడు. టాపు మీద పడిన వాననీరు సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న సన్నటి గొట్టాల్లోంచి దిగి కారు అడుగున పోవాలి. ఆకులూ మట్టీ చేరి ఆ గొట్టాలు పూడుకుపోతే నీరు లోపలికి పొంగి తివాచీ తడుపుతుంది, తలుపుల కింది పెట్టెలో నిలిచి లోపలినుంచి కుళ్లబెడుతుంది. ఏడాదికి రెండుసార్లు ఒక మెత్తటి గొట్టం పెట్టి శుభ్రం చేస్తే పోయేదానికి, కారే పోతుంది. ఆ చిన్న పని చేయని యజమాని మిగతా పెద్ద పనులు చేసి ఉంటాడని ఎలా నమ్మడం?

నమస్కారం పెట్టి వచ్చేశాం.

రెండో కారు

రెండోది ఒక కుర్రాడిది. 5,500 అన్నాడు. టర్బో అమర్చాడు, సైలెన్సరు మార్చాడు, కారును నేలకు ఆనుకునేలా దించాడు. కంపెనీ చేసినదానికి రెట్టింపు బలం ఉందని చెప్పాడు. మేము వెళ్లేసరికి ఇంజను ఆన్‌లో పెట్టి తయారుగా ఉన్నాడు.

మామగారు బానెటు మీద చేయి వేసి వెంటనే తీసేశారు. "సంతలో కుంటి ఎద్దును మనం రాకముందే నాలుగు చుట్లు నడిపించి ఉంచుతారు అల్లుడుగారూ. కీళ్లు వేడెక్కితే కుంటు కనపడదు" అన్నారు తెలుగులో.

ఇది బంగారంలాంటి సూత్రం. పాత కారును ఎప్పుడూ చల్లటి ఇంజనుతో స్టార్టు చేసి చూడాలి. వచ్చేముందే ఫోనులో "మేము వచ్చేదాకా కదపకండి" అని చెప్పాలి. చల్లగా ఉన్నప్పుడే గుట్టు బయటపడుతుంది. నీలంపొగ వస్తే ఆయిలు కాలుతున్నదని అర్థం. వేడెక్కినా తెల్లపొగ ఆగకపోతే ఇంజనులోకి నీరు దిగుతున్నట్టు. రెండో గేరులోకి వేస్తే గరగరమంటే లోపలి పళ్లచక్రాల జోడింపు అరిగినట్టు. ఇవన్నీ పావుగంట నడిచాక మాయమయ్యే జబ్బులు కావచ్చు, మర్నాడు ఉదయం మన ఇంట్లో మళ్లీ లేస్తాయి.

ఇక టర్బో సంగతి. 116 గుర్రాలకు లెక్కగట్టి చేసిన బండికి 230 గుర్రాలు పూన్చితే మొదట తెగేది క్లచ్చి, తరువాత గేరు పెట్టె, ఆ తరువాత యజమాని బ్యాంకు పుస్తకం. ఎవరు అమర్చారో, ఎంత శ్రద్ధగా అమర్చారో కాగితం లేదు. కుర్రాడు చెడ్డవాడు కాడు. అతను కారును ప్రేమించాడు, నిజమే. కాని ఆ ప్రేమ ఖర్చు కట్టవలసింది నేను.

మరొకటి కూడా ఇక్కడే చెప్పాలి. మొదటి తరంలో 1990 మోడలు, 1991 తొలి భాగపు మోడలు కార్లకు క్రాంకుషాఫ్టు ముందు ముక్కు పొట్టిది. అక్కడి బోల్టు సరిగా బిగించకపోతే గాడి అరిగి ఇంజను కూలబడుతుంది. ముందున్న పుల్లీకి నాలుగు గంట్లుంటే పొట్టి ముక్కు, ఎనిమిదుంటే మార్చిన పొడుగు ముక్కు. ఈ కుర్రాడి కారుకు నాలుగున్నాయి. ఆ పొట్టి ముక్కుమీద టర్బో! ఇక అక్కడ నిలబడవలసిన పని కనబడలేదు.

మూడో కారు

రెండు నెలలు గడిచాయి. మా ఆవిడ "ఇంకా దొరకలేదా?" అని అడగడంలో వెటకారం కంటె సంతోషమే ఎక్కువగా వినిపించింది. అప్పుడు ఉత్తర కరోలినాలో, షార్లట్ నగరం దగ్గర ఒక 2004 మోడలు అమ్మకానికి వచ్చింది. మంచు తక్కువ, ఉప్పు తక్కువ ప్రాంతం. కారు ఒక రిటైరైన సంగీతం టీచరుది. ధర 6,000. 88,000 మైళ్లు తిరిగింది.

వెళ్లకముందు చేసిన పనులు మూడు. కారు పదిహేడక్షరాల నంబరు అడిగి తీసుకుని, దాని పూర్వచరిత్ర కాగితం తెప్పించాను. ప్రమాదంలో తుక్కయి మళ్లీ కట్టినదో, వరదలో మునిగినదో అందులో చాలావరకు తెలుస్తుంది. తిరిగిన మైళ్ల అంకెను మాత్రం ఆ కాగితంలో ఉన్నదని నమ్మగూడదు. 2010, అంతకు ముందు మోడళ్లకు అమ్మేవాడు మైళ్లు రాసివ్వాలన్న ఫెడరలు నిబంధన వర్తించదు. రిపేరు బిల్లుల మీద వరసగా పెరుగుతూ వచ్చిన అంకెలే సాక్ష్యం. రెండో పని, ఆవిడ ఊళ్లోనే, ఆవిడతో సంబంధం లేని ఒక వర్కుషాపులో కారును పైకెత్తి పరీక్ష చేయించడానికి 150 డాలర్లకు ఏర్పాటు చేశాను. మూడో పని, ఇద్దరికీ బస్సు టిక్కెట్లు రానూపోనూ కొన్నాను. ఇంతదూరం వచ్చాం గదా అని మనసు మెత్తబడితే అదే అమ్మేవాడికి మనమిచ్చే మొదటి రాయితీ. తిరుగు టిక్కెట్టు జేబులో ఉంటే వద్దనడం తేలిక.

టీచరుగారు వరండాలోనే ఎదురుచూస్తున్నారు. నీలం రంగు కారు. బానెటు చల్లగా ఉంది. వెంకన్న బొమ్మ ప్రతిచోటా అంటుకుంది. తివాచీ పొడిగా ఉంది. తలుపులు, బానెటు, డిక్కీ మూతల మీద కారు నంబరు ముద్రించిన చిన్న చీటీలు చెక్కుచెదరలేదు; అవి లేకపోతే ఆ భాగాలు ఎప్పుడో మార్చారని అనుమానించాలి.

మామగారు నన్ను ఒక ప్రశ్న అడగమన్నారు. "ఎందుకు అమ్ముతున్నారు?" సంతలో ఆయన మొదటి ప్రశ్న అదేనట. జవాబు కాదు ముఖ్యం, జవాబు చెప్పేటప్పటి ముఖం ముఖ్యం.

ఆవిడ పావడా అంచు కొద్దిగా ఎత్తి మోకాలి మీద పొడుగాటి కుట్టు చూపించారు. ఆపరేషను అయింది. ఆ కారు సీటు నేలకు జానెడెత్తు. కూచోవడం వచ్చు, లేవడం రాదు. "మూడు నెలలుగా షెడ్డులో పెట్టుకుని చూస్తున్నాను. కారు నిలబెట్టి ఉంచితే పాడవుతుంది. ఎవరైనా నడపాలి" అన్నారు. లోపలికి వెళ్లి ఒక లావుపాటి ఫైలు తెచ్చారు. కొన్ననాటి రసీదునుంచి నిన్నటి ఆయిలు మార్పుదాకా ప్రతి బిల్లూ తేదీ వరసన గుచ్చి ఉంది. నీళ్ల గొట్టాలు శుభ్రం చేసిన తేదీలు ఆవిడ చేతిరాతతో విడిగా ఉన్నాయి.

వర్కుషాపులో కారును పైకెత్తారు. మేస్త్రీ దీపం పట్టుకుని మాకు కూడా చూపించాడు. చట్రం శుభ్రంగా ఉంది. లోపాలు మూడు తేలాయి. ఇంజను టైమింగు బెల్టు పన్నెండేళ్ల కిందట మార్చినది. 60,000 మైళ్లకోసారి మార్చాలి. మైళ్లు దాటకపోయినా రబ్బరుకు వయసనేది ఒకటుంటుంది. టైర్ల గీతలు లోతుగానే ఉన్నాయి గాని, పక్కనున్న నాలుగంకెల్లో 2312 అని ఉంది. అంటే 2012లో 23వ వారం తయారైనవి. ఎండిపోయిన రబ్బరు తడిరోడ్డును పట్టుకోదు. క్లచ్చి కింద చిన్న సిలిండరు కారుతోంది. ఈ కార్లకు అది మామూలు జబ్బే. అన్నీ కలిపి 1,300 డాలర్ల పని.

లెక్కలు చెప్పేవాణ్ణి గనక 6,000లోంచి 1,300 పూర్తిగా తీసేసి 4,700 అడుగుదామనుకున్నాను. మామగారు నా భుజం మీద కండువా వేసి, దానికింద నా చేతివేళ్లు పట్టుకున్నారు. సంతలో బేరాలు అలాగే ఆడతారు, పక్కవాడికి తెలియకుండా. ఐదు వేళ్లు గట్టిగా నొక్కి, తరువాత నాలుగు నొక్కారు. ఐదు వేలా నాలుగు వందలు!

"పూర్తిగా తగ్గించమని అడగవచ్చుగదా మామయ్యగారూ?" అన్నాను.

"బెల్టూ టైర్లూ కారుతోపాటు అరిగేవి. అవి సగం ఆవిడవి, సగం మనవి. ఆ ఫైలుకు ధర కట్టారా మీరు? మంచి గొడ్డును చూసుకున్నవాళ్ల దగ్గర ఆఖరు రూపాయి దాకా బేరమాడితే రేపు మంచి గొడ్లు సంతకు రావు" అన్నారు.

ఏకర్‌లాఫుగారి వ్యాసం ఇంకోసారి చదివినట్టయింది. 5,400 అన్నాను. ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి సరేనన్నారు. నోటరీ ముందు సంతకాలయ్యాయి. ఫోనుమీదనే ఇన్సూరెన్సు కట్టి, తాత్కాలిక నంబరు తీసుకున్నాం. బెల్టూ టైర్లూ మార్చకుండా పెద్దవయసు మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని రహదారి ఎక్కడం తగదు గనక, రెండు రాత్రులు అక్కడే బసచేసి మూడు పనులూ చేయించాం.

తిరుగు ప్రయాణం కొండల్లోంచి. 77వ నంబరు రహదారి మీద వర్జీనియాలో రెండు సొరంగాలు వస్తాయి. రెండోది తూర్పు నది కొండ సొరంగం. వర్జీనియాలో దూరి పశ్చిమ వర్జీనియాలో తేలుతాం. రాష్ట్రాల సరిహద్దు కొండ కడుపులో ఉంది. టాపు తీసే ఉంచాం. లోపల ఇంజను చప్పుడు గోడలకు తగిలి రెట్టింపై వినిపించింది. మామగారు తలకు కండువా చుట్టుకుని, రెండు చేతులతో అద్దం అంచు పట్టుకుని, బయటికి రాగానే "ఎంత వేగంలో పోతున్నాం?" అని అడిగారు. యాభై అయిదు మైళ్లన్నాను. "నూటయాభై అనుకున్నాను" అన్నారు. తేలిక కారు మహిమ అదే.

ఇంటిముందు దిగడానికి మాత్రం నేనూ మా అమ్మాయీ చెరో చేయీ పట్టి ఆయన్ను పైకి లాగవలసి వచ్చింది.

జమాఖర్చు

మా ఆవిడకు సమర్పించిన లెక్క ఇది. కారుకు 5,400. పరీక్షకు 150. పన్ను, రిజిస్ట్రేషను 450. బెల్టు, దానితోపాటు నీళ్లపంపు 700. టైర్లు 440. క్లచ్చి సిలిండరు 160. బస్సులు, బస 400. మొత్తం 7,700 డాలర్లు. మిగిలింది 300. ఆవిడ రెండుసార్లు కూడి చూసి, మిగిలిన మూడు వందలూ తీసుకుని డబ్బాలో వేసింది.

ఇన్సూరెన్సు నెలనెలా ఇంటి ఖర్చులో కలుస్తుంది గనక, దాని మొత్తం ఎంతవుతుందో కారు చూడడానికి వెళ్లకముందే కనుక్కున్నాను. స్పోర్ట్సు కారు పేరు చెప్పగానే కుర్రాళ్లకు ఈ మొత్తం విపరీతంగా పెంచుతారు. ఇంట్లో ఇరవై ఏళ్ల అబ్బాయి ఉంటే ముందు ఈ లెక్క చూసుకుని తరువాత కారు చూడాలి.

ఇండియాలో ఉన్నవారు "ఆ కారు మాకు రాదుగదా" అనవచ్చు. నిజమే. అక్కడ వాడిన కారును తీసుకురావాలంటే మూడేళ్లకు మించి పాతదై ఉండగూడదు, స్టీరింగు కుడిపక్కనుండాలి. కాని సూత్రాలు ఎక్కడైనా ఒకటే. ఎక్కువ తయారైన బండి, తేలికైన బండి, మార్పులు చేయని బండి చూడండి. ఆర్.సి. పుస్తకంలో బ్యాంకు అప్పు తీరినట్టు నమోదైందో లేదో చూడండి. ఇంజను చల్లగా ఉండగా వెళ్లండి. మీకు తెలిసిన మేస్త్రీకి ఆ పూట కూలి ఇచ్చి వెంటబెట్టుకు వెళ్లండి. చేతిలో ఉన్న డబ్బులో నాలుగో వంతు ఇంట్లో వదిలి వెళ్లండి. అన్నిటికన్న ముఖ్యం, కారును చూసినంతసేపు దాని యజమానిని కూడా చూడండి. తక్కువ డబ్బుతో స్పోర్ట్సు కారు కొనేవాడు కొనేది వేగం కాదు, ఇన్నాళ్లూ దాన్ని సాకిన చేతిని.

ఫైలు ఇప్పుడు నా బీరువాలో ఉంది. టీచరుగారి చివరి చీటీ కింద నా మొదటి చీటీ గుచ్చాను: నీళ్ల గొట్టాలు శుభ్రం చేసిన తేదీ. మా ఆవిడ మూడో షరతు ఇంకా అమలులోనే ఉంది గనక, ప్రతి ఆదివారం ఉదయం కారును బయటికి తీయక తప్పదు. ఆ మాటే చెప్పి బయలుదేరుతాను. పక్క సీటులో ఎవరు కూర్చోవాలన్న విషయంలో మాత్రం ఇంట్లో తల్లీకూతుళ్లకు వారంవారం తగువు.